గాడిదల పెళ్లి, ట్యాంకరు లెక్క

బోర్లన్నీ ఎండిపోయిన వేసవిలో, ఏ ఊరికి ముందు నీళ్ల ట్యాంకరు పంపాలో తేల్చే పనిని మా మండలం ఆఫీసరు కంప్యూటరుకు అప్పగించాడు. జనం ఫేస్‌బుక్‌లో పెట్టే పోస్టులను, వాటి కింది కామెంట్లను అది చదువుతుంది. ఎక్కడ కోపం ఎక్కువో అక్కడికి ముందు ట్యాంకరు. ఈ పద్ధతి నాకు మహా నచ్చింది. పలుకుబడి అక్కర్లేదు, పూజలు అక్కర్లేదు. హేతువాదికి ఇంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా మా ఊరివాళ్లతోనే. నీళ్లు లేకపోతే వాళ్లు కోప్పడరు, గాడిదలకు పెళ్లి చేస్తారు. అలా చేస్తే వాన వస్తుందని నమ్మకం. ఆ ఏడు పెళ్లికూతురిని కుందుర్పి నుంచి తెచ్చారు. బాసికాలు కట్టారు, తలంబ్రాలు పోశారు. పెళ్లికొడుకు తలంబ్రాలు తినేశాడు. ప్రతి ఫోనులోంచీ వీడియోలు ఫేస్‌బుక్‌లోకి ఎక్కాయి. కింద పూలు, గుండె బొమ్మలు, నూరేళ్లు చల్లగా ఉండమనే దీవెనలు.

ట్యాంకరు మాత్రం రాలేదు. మా వదిన ఇంట్లో రెండు గేదెలు ఖాళీ తొట్టిని నాకుతున్నాయి.

"ఎనుములు నాలికలు బయటేసినాయి. వాదించేదానికే పుట్టినావు గదప్పా, పోయి ఆఫీసులో వాదించు" అని ఆమె నన్ను తరిమింది.

అక్కడి ఉద్యోగి కంప్యూటరు తెరను నావైపు తిప్పాడు. మా ఊరు పచ్చగా వెలుగుతోంది.

"మీయంత సంతోషంగా ఉండేవాళ్లు యాడా లేరన్నా" అన్నాడు.

అది గాడిదల పెళ్లని చెప్పాను. ఎవరి పెళ్లయినా సంతోషం సంతోషమేనట. వరుడికి ఎన్ని కాళ్లున్నాయో కంప్యూటరు చూడదట.

ఇంటికొచ్చి పోస్టు రాయడానికి కూర్చున్నాను. నీళ్ల గురించి రెండు ముక్కలు రాస్తే చాలంది వదిన. రాశాను. కానీ చెయ్యి ఆగలేదు. గాడిదల కాపురానికీ మబ్బులకూ సంబంధమేమిటని అడిగాను. పెళ్లిళ్లతో వాన పడేటట్లయితే ముహూర్తాల రోజుల్లో మనమంతా కొట్టుకుపోవాలి కదా అన్నాను. ఆ పందిట్లో తెలివైనవి రెండే, వాటిని కూడా బలవంతంగా లాక్కొచ్చారని ముగించాను.

తెల్లారేసరికి ఊరంతా నామీద పడింది. నా నోటి వల్లే వాన వెనక్కి పోయిందన్నారు. గుక్కెడు నీళ్లకు జనం అల్లాడుతుంటే వీడికి ఎగతాళా అన్నారు. పెళ్లికూతురి తరఫువాళ్లు కుందుర్పి నుంచి విడిగా తిట్టారు. మధ్యాహ్నానికి తెరమీద మా ఊరు ఎర్రబడింది. సాయంత్రం ట్యాంకరు వచ్చింది.

జనం దానికి పసుపు కుంకుమ పెట్టి, పెళ్లి ఫలించిందన్నారు. నేను ఊరుకోగలనా? బిందె కింద పెట్టి, ఇది గాడిదల మహిమ కాదు, మీ తిట్ల మహిమ అని కార్యకారణాలు విడమరిచి చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి ట్యాంకరు ఖాళీ.

వదిన మాత్రం తొట్టి నింపుకుంది. గేదెలు తలెత్తకుండా తాగుతున్నాయి. నా బిందెలో ఒక చెంబెడు పోసి అంది:

"వారానికొక తూరి ఇట్లే రాస్తాండప్పా. తిట్టేదానికి మేముండాము."