కంచం అంచు మీద చప్పుడు

జమ్మలమడుగు చర్చిలో ఏలీయా జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంటే ఆయన భార్య ఆనందమ్మ ముందు బెంచీలో మూతి బిగించుకుని కూర్చుంది. భర్తను ఎవరు తలుచుకుని పొగిడినా, తన పెళ్లిచీర వాళ్లు కట్టుకుని తిరుగుతున్నట్టే ఉంది ఆమెకు. నాయనే తనకు జీపు నడపడం నేర్పాడని కొడుకు చెబితే పక్కకు తిరిగి చెంగు సవరించుకుంది. మనవరాలు కెజియా అయితే మరీ. ప్రొద్దుటూరులో తమ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాత రోజూ సాయంత్రం తనకు పాటలు పాడేవాడని కళ్లు తుడుచుకుంది. ఆనందమ్మకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పాట ఒక్కటీ ఆమె వినలేదు. ఫ్యాక్షన్ రోజుల్లో ఏలీయా ఒక పార్టీ నాయకుడి జీపు నడిపేవాడు. పులివెందుల దారిలో ఆ జీపు మీద బాంబులు పడ్డాక, ఇంట్లో ఉన్నట్టు బయటికి తెలియకూడదని, నోరు మెదపకుండా వచ్చి తిని పోయేవాడు. గొడవలు సద్దుమణిగినా భార్య దగ్గర ఆ మౌనం అలవాటుగా మిగిలిపోయింది.

ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. కెజియా కూర గిన్నెతో దాటిపోతుంటే ఆనందమ్మ ఎడమచేతి గోటితో స్టీలు కంచం అంచు మీద టక్కున కొట్టింది.

"ఏందవ్వా అది?"

ఆనందమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "కూర ఎయ్యమని. మీ తాత నాతో ఇట్లనే మాట్లాడతాండె. కూరకొక చప్పుడు, నీళ్లకొక చప్పుడు, పోయొస్తా అనేదానికి ఇంకొకటి. నీకు చెప్పలేదా?"

"లేదవ్వా. పోయొస్తా అని ఎట్ల కొడతాండె? చూపీ."

"అది నీకెందుకే?" అని ఆనందమ్మ కంచం దగ్గరికి లాక్కుంది.