రెండో చెంబు నీళ్ళు

మా ఇంట్లో మగపిల్లలు లేరు. అందుకని తుపాకి తుడిచే పని నాకు వచ్చింది. గొట్టం మూతి నుంచి మందు పోసి కూరే పాతకాలపు తుపాకి అది. లైసెన్సు ఉండేది. బుడ్డల చేను, అదే వేరుశనగ చేను మీదికి అడవిపందులు వస్తే బెదరగొట్టడానికి మా నాయన పెట్టుకున్నాడు. ఆయన దాంతో ఒక్క పందిని చంపినట్టు కూడా నాకు గుర్తు లేదు. చప్పుడుకు పందులు పారిపోయేవి. వాటితోపాటు మా కుక్క కూడా పారిపోయి, రెండు రోజులకు గానీ ఇల్లు చేరేది కాదు.

నింపడం అందరికీ వచ్చు. ముందు మందు, దాని మీద గుడ్డపీలిక, ఆ పైన సీసం, మళ్ళీ గుడ్డపీలిక. ఇనుప చువ్వతో గట్టిగా కూరాలి. వెనక సుత్తిలా పడే గుర్రం కింద ఉన్న చిన్న చిల్లి మీద, దెబ్బకు నిప్పు పుట్టించే టోపీ పెడితే ఇక మీట నొక్కడమే. దించడమే కష్టం. పంట ఇంటికొచ్చాక మిగతా తుపాకులవాళ్ళు గాల్లోకి ఒకటి పేల్చి చేతులు దులుపుకునేవాళ్ళు. నాయన అట్లా చేసేవాడు కాదు. టోపీ తీసి, నీళ్ళు పోసి మందు చంపి, కూరినదంతా ఒక్కొక్కటే వెనక్కి లాగేవాడు. "నింపిన చెయ్యే దించల్ల పాపా. లోపల ఏముండాదో ఆ చేతికే తెలుసు," అనేవాడు. అందుకే చువ్వ మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. చువ్వ పై గాటు దాకా దిగితే లోపల ఏమీ లేనట్టు, కింది గాటు దగ్గర ఆగితే నింపి ఉన్నట్టు.

నేను చెప్పేది వరసగా రెండో ఏడు కూడా వానలు మొహం చాటేసిన సంవత్సరం మాట. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. బుడ్డలు మొలిచిన చోటే మాడిపోయాయి. పందులకు కూడా మా చేలో పని లేకుండా పోయింది. మేతకు దాచిన సొప్ప అయిపోయింది, కొట్టం మీద కప్పిన బోదగడ్డి పీకి ఎద్దులకు వేశాం, అదీ అయిపోయింది. మాఘంలో ఒక ఎద్దు పోయింది. రెండోదాన్ని సంతకు తోలమని అందరూ చెప్పారు. సంతలో ఆ ఏడు కొనేది కసాయివాళ్ళేనని నాయనకు తెలుసు, తోలలేదు. అది నేను పుట్టిన ఏడే మా ఇంట్లో పుట్టిన ఎద్దు.

చివరికి అది కూడా పడిపోయింది. పడిన ఎద్దును లేపాలంటే కింద తాళ్ళు వేసి నలుగురు మగాళ్ళు పట్టాలి. ఊళ్ళో నలుగురు మగాళ్ళు ఎక్కడున్నారు? కాళ్ళు ఆడేవాళ్ళంతా కూలి వెతుక్కుంటూ బెంగళూరు దారి పట్టారు. నాయన, అమ్మ, నేను, ముగ్గురం పట్టి చూశాం. మెడ లేచింది గానీ ఎద్దు లేవలేదు. నాలుగో రోజుకు తొడ మీద పుండు పడింది, కాకులు దిగాయి. అమ్మ పొద్దస్తమానం పక్కనే కూర్చుని కొంగుతో కాకులను తోలుతూ ఉండేది.

"కండ్లు పొడుస్తాండాయి. నేనెంతసేపని తోలేది?" అంది నాయనతో ఆ రోజు సాయంత్రం.

మరునాడు పొద్దున ఆయన తుపాకి తీసుకుని కొట్టంలోకి పోవడం చూశాను. ఎందుకో అడగాల్సిన పని లేకపోయింది. ఎద్దును చంపిన రైతుకు ఈ లోకంలోనూ ఆ లోకంలోనూ చోటు లేదని నమ్మే మనిషి ఆయన. కాకులు పీక్కు తింటుంటే చూస్తూ కూర్చోవడం అంతకంటే పెద్ద పాపమని కూడా ఆయనకు తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చెవులు మూసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

తలెత్తి చూస్తే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"నాతో కాలే పాపా. నువ్వే గాల్లోకి పేల్చేయ్. పీడ పోతాది," అని తుపాకి నాకిచ్చాడు.

నింపిన చెయ్యే దించాలన్న మనిషి, గాల్లోకి పేల్చడమంటేనే గిట్టని మనిషి ఆ మాట అన్నాడంటే నాకు భయం వేసింది. ముందు టోపీ తీసేశాను. గొట్టం మూతిని ఇంటి వైపు, కొట్టం వైపు కాకుండా బీడు వైపు తిప్పి, మొహం పక్కకు పెట్టుకుని చువ్వ మెల్లగా దింపాను. అది కింది గాటు దాకా కూడా దిగలేదు. ఇంకా బెత్తెడు ఉండగానే ఆగిపోయింది.

"ఎన్నిసార్లు నింపినావు నాయనా?"

"ఒగసారే." అని కొట్టం వైపు చూశాడు. "నిన్న రాత్రి గూడా పోయింటి. నిన్నటిది దించినా అనుకుంటి."

దించలేదు. ముందురోజు రాత్రి ఎవరూ చూడనప్పుడు నింపుకుని పోయి, చేతకాక తిరిగివచ్చి, ఆ బాధలో మరిచిపోయి మరునాడు దాని మీదే మళ్ళీ నింపాడు. అన్నేళ్ళు నాకు గాట్లు చూపించిన మనిషి ఆ రోజు చువ్వ వైపు చూడనే లేదు. మీట నొక్కి ఉంటే రెండు మందులకు గొట్టం చీలి ఆయన మొహం మీదే పేలేది. ఇక దాన్ని పేల్చే మాటే లేదు, దించాల్సిందే. దించాలంటే నీళ్ళు కావాలి.

ఆ రోజుల్లో నీళ్ళంటే వంకలో తవ్విన చెలమ నుంచి పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ. నేను ఒక చెంబు ముంచి గొట్టంలో పోశాను. వెనక చిల్లిలోకి కూడా బొట్లు బొట్లుగా వదిలాను. నీళ్ళ చప్పుడుకు కొట్టంలో ఎద్దు చెవులు కదిలాయి. తల కాస్త ఎత్తి మా వైపు చూసింది.

చాలాసేపు నాననిచ్చి, కూరినదాన్ని గుచ్చి పైకి లాగే మరముల్లు చువ్వ కొసకు బిగించి తిప్పాను. మొదట గుడ్డపీలిక వచ్చింది, అమ్మ పాత కోకది. తరువాత గుండు. పందులను బెదరగొట్టే సన్న రవ్వలు కాదు, గోలీకాయంత ఒంటి గుండు. దాని కింద మరో పీలిక, ఆ వెనక మందు నల్లటి బురదగా కారింది. కింద ఉన్న నిన్నటి మందు తడిసిందో లేదో తెలియదు. మళ్ళీ నీళ్ళు పోయాలి.

"ఏమే, ఆ మిగిలినవి ఎద్దుకని పెట్టినవి," అంది అమ్మ.

"ఇంగొక చెంబు గావల్ల మా. ఇది తడవకుంటే నా మొగం పోతాది."

అమ్మే చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు గొట్టంలో పోస్తున్నంతసేపూ నేను కొట్టం వైపు తల తిప్పలేదు. మధ్యాహ్నానికి రెండో గుండు కూడా బయటికి వచ్చింది. చువ్వ పై గాటు దాకా దిగింది. రెండు గుండ్లనూ కడిగి నాయన ముందు పెట్టాను. ఆయన వాటిని చూసి తల వంచుకున్నాడు. నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మరునాడు పొద్దున ఆయన గడపలో కూర్చుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"గొట్టం ఆరిందా పాపా?"

ఆ ఎండకు ఉతికిన కోక గడియలో ఆరేది. తుపాకి ముందురోజే ఆరింది. నేనే తుడిచి, నూనె పట్టించి మూలకు పెట్టాను. మూడోసారి పోతే ఆయన చేయగలడేమో. చేశాక మాత్రం ఆ మనిషి బతకడని నాకనిపించింది. నాకు ఎద్దు కన్నా నాయన కావాలి.

"ఇంకా తడి ఉండాది నాయనా."

ఆయన తల ఊపాడు. ఆ ఎండ ఎలాంటిదో ఆయనకు తెలియక కాదు. సాయంత్రం మళ్ళీ అడిగాడు, నేను మళ్ళీ అదే చెప్పాను. ఎద్దు ఇంకా రెండు రోజులు బతికింది. ఆ రెండు రోజులూ అమ్మ కాకులను తోలుతూనే ఉంది. నేను ఆ కొట్టం ఛాయలకు కూడా పోలేదు.