పక్కింటి టీవీలో నా పిలుపు

కాలేజీ రోజుల్లో వదిలేసిన హామ్ రేడియోని నలభై ఆరో ఏట మళ్లీ పట్టుకున్నాను. లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు మీద, ముక్కూమొహం తెలియనివాళ్లని పలకరించే సరదా అది. కద్మాలో మా స్టీలు కంపెనీ క్వార్టరు డాబా మీద తీగ కట్టి, ఆదివారం పొద్దుటే కూర్చుని మోర్సు మీట నొక్కేవాణ్ణి. గీత చుక్క గీత చుక్క, గీత గీత చుక్క గీత. ‘ఎవరైనా ఉన్నారా’ అని అడిగే పిలుపు అది.

అదే ఏడు పక్కింటి ఫోర్‌మన్‌గారు టీవీ కొన్నారు. ఆదివారం మా వరసలో వాళ్లంతా ఆయన వరండాలోనే ఉండేవారు. బొమ్మ మీద చారలు పడుతున్నాయని, టీవీ బిగించిన మెకానిక్కుని పిలిపించారు. అతను బారిడీహ్‌లో ఉండే శ్రీకాకుళం మనిషి. రెండు ఆదివారాలు వచ్చి యాంటెన్నా తిప్పాడు, వైరు మార్చాడు. చారలు పోలేదు. నా సెట్టు మీద నాకు అనుమానం రాలేదని చెప్పను.

మూడో ఆదివారం, ఇంజనీరుని కదా అని, తీర్పు చెప్పడానికి నన్నూ పిలిచారు. నేను అక్కడ కూర్చున్నంతసేపూ టీవీ శుభ్రంగా ఉంది.

“లోపల మంచి సామాను పీకేసి పాతది పెట్టీసినావేటి? సచ్ బోల్, నిజం సెప్పు” అన్నారు ఫోర్‌మన్‌గారు.

“నా చేత్తో అలాటి పని ఎప్పుడూ సెయ్యనేదు బాబూ.”

“మరేటి, నీ మొహం సూసి చారలు సిగ్గుపడ్డాయా?”

అందరూ నవ్వారు. మెకానిక్ నా వైపు తిరిగాడు.

“ఇంజనీరుబాబూ, ఇది సామాను రోగం కాదండి. చారతోపాటు చప్పుడొత్తాది. దానికో వరస ఉంది, ఇనండి.”

నోటితో చేసి చూపించాడు. డా డి డా డి, డా డా డి డా.

పొల్లుపోకుండా నా పిలుపే. నెలల తరబడి జవాబు కోసం చెవులు రిక్కించి కూర్చున్నవాణ్ణి, నన్ను అంత సరిగ్గా విన్న మనిషి ఎదురుగా నిలబడితే తల దించుకున్నాను. ఎవరైనా ఫిర్యాదు చేస్తే లైసెన్సు పోతుందని భయం.

“యాంటెన్నా బూస్టరు పాడై ఉంటుంది, మార్చి చూడు” అన్నాను. ఫోర్‌మన్‌గారు ఇక ముట్టుకోవద్దని అతన్ని పంపేశారు.

ఆ వారమే నా సెట్టుకి, టీవీలకి అడ్డు తగలకుండా ఫిల్టరు కట్టుకున్నాను. చారలు పోయాయి.

“సూసినారా, ఆడు రావడం మానీసినాక ఎలా బాగైపోనాదో” అన్నారు ఫోర్‌మన్‌గారు.

నేను దొంగచాటుగా చేసిన మరమ్మతు అతను దొంగ అనడానికి సాక్ష్యమైంది. మా వరసలో మళ్లీ ఎవరూ అతన్ని పిలవలేదు.

రెండేళ్ల తర్వాత గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర కనబడ్డాడు. రిపేర్లు మానేసి అందులో చేరాడట. పక్కకి తీసుకెళ్లి అంతా చెప్పాను. చేతిలోని టిఫిన్ డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ విన్నాడు.

“నాతో సెప్తే ఏటొత్తాది బాబూ? ఆ వరండాలో సెప్పాల” అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారమే చెప్పాను, అందరూ వచ్చి కూర్చున్నాక. ఎవరూ కోప్పడలేదు. ఫోర్‌మన్‌గారు లేచి టీవీ కట్టేశారు. నా వైపు తిరిగి అడిగారు.

“ఆవేళ నేనాణ్ణి దొంగంటే, మీరిక్కడే కూకున్నారు కదా?”

“కూర్చున్నాను” అన్నాను.