మద్దమ్మ కుండలో కానీలు

నాది ముక్కు మీద కోపం. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధిలో సిద్దమ్మ వస్తాందంటే ఎవురైనా రెండడుగులు పక్కకు జరిగేటోళ్లు. ఎవుర్నీ బిరీన నమ్మేదాన్ని గూడా కాదు. నూలు తూచేవాని చెయ్యి నమ్మను, చీరకు ధర గట్టేవాని మాట నమ్మను, పాలల్లో నీళ్లు పోయలేదని ఒట్టేసినా వేలు ముంచి సూస్తాను. అట్లాంటి నేను మద్దమ్మ గురించి చెప్తాండానంటే మా వీధోళ్లు నవ్వుతారు. నవ్వనీలే. ఆయమ్మకు నేను చేసినంత అన్యాయం ఇంకెవురూ చేయలేదు, అందుకే నేనే చెప్పాల.

మద్దమ్మ పత్తికొండ తట్టు నుంచి మా వీధికి కోడలుగా వచ్చింది. పొడుగు మనిషి, సన్నగా ఉండె. ముప్పై ఏండ్లకే మొగుడు పోయినాడు. పిల్లల్లేరు. మగ్గం అమ్మి అప్పులు తీర్చి, అప్పట్నుంచి మా అందరి మగ్గాలకూ కండెలు చుట్టి బతికింది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే పుల్ల, దానికి రాట్నం మీద నూలు చుట్టాల. దినమంతా చుడితే రెండణాలు. ఆయమ్మ చుట్టిన కండె నాడెలో యాడా చిక్కుపడేది కాదు. ఆ మాట నా శత్రువైనా ఒప్పుకోవాల.

మాటలు మాత్రం లేవు. అడిగితే "ఊ" అనేది, తిడితే "సరేలే" అనేది. ఎవురింట్లోనూ చిటికెడు ఉప్పు అప్పడిగి ఎరగదు. నాకు నోరున్నోళ్లంటే భయం లేదు, నోరు మెదపనోళ్లంటేనే అనుమానం. లోపల ఏం పెట్టుకున్నారో ఎట్ల తెలుస్తుంది?

మా వీధిలో మద్దమ్మ ఇల్లు గాక ఎనిమిది ఇండ్లు, ఎనిమిది మగ్గాలు. ఒక కరువేడు మగ్గాలన్నీ నిలిచిపోయి, అందరం గంజికి మొగం వాచినాము. ఆ ఏడు దాటినాక మా పెద్దమనిషి పెద్దయ్య ఒక కట్టుబాటు పెట్టినాడు. మగ్గం మీంచి బట్ట కోసిన పొద్దు ఇంట్లో తాడుకు ఒక ముడి వేయాల. ఆ బట్ట సంతకు పోయేలోపల మద్దమ్మ ఇంట్లో కుండలో ఒక కాని వేయాల. మళ్ల మగ్గాలు నిలిచిపోయే కాలం వస్తే తప్ప ఆ కుండ ముట్టేది లేదు.

"మద్దమ్మ తావే ఏమిటికప్పా?" అని నేనడిగినా.

"ఒంటి మనిషి. దుడ్లు ఎత్తుకపోయే మొగుడు లేడు, కొడుకు లేడు" అన్న్యాడు పెద్దయ్య.

"తీసుకుంటే అడిగే మొగుడు గూడా లేడు గదా" అన్న్యాను. ఆయమ్మ ఆడనే ఉండె. వినింది. సరేలే అని గూడా అనలేదు.

మా ఇంట్లో ముడి వేసేది నేను. కాని తీసుకపోయేది మా ఆయన శేషన్న, సంతకు పోయే దారిలోనే మద్దమ్మ ఇల్లు గదా అని. ఇట్ల పదేండ్లు జరిగింది.

అప్పుడు యుద్ధం వచ్చింది. నూలు ధర ఆకాశానికి పోయింది. ఒక్కొక్క మగ్గమే నిలిచిపోతా వచ్చి, ఉగాది దాటేసరికి ఎనిమిది మగ్గాలూ మూలబడినాయి. పెద్దయ్య అందర్నీ పిలిచి "కుండ తీద్దాం. ఆ దుడ్లు ఆదోనిలో మార్చి నూలు తెద్దాం. ఎనిమిది ఇండ్లకూ పంచుకుంటే మగ్గాలు మళ్ల ఆడతాయి" అన్న్యాడు. అప్పుడు యాడ సూసినా చిల్లరకు కరువు. అంగడోడు కానికి బదులు బెల్లం ముక్క చేతిలో పెట్టేటోడు. చిల్లర దాచుకున్నోళ్లను పోలీసులు పట్టుకపోతారని గూడా చెప్పుకుంటాండిరి. అందుకే తలుపేసుకుని మద్దమ్మ ఇంట్లో చాప మీద కుండ కుమ్మరించినాము. గుట్ట పడింది. అన్నీ రాగి కానీలు. ఎవురి చేతుల్లో పడి వచ్చినాయో గాని, కొన్నిటి మీద రాణి మొగం గూడా అరిగిపోయింది.

ముందు ముళ్లు లెక్క పెట్టినాము, ఇంటింటి తాడూ తెచ్చి. అన్నీ కలిపితే అయిదు వేల ఏడునూర్ల అరవై. రూపాయికి అరవైనాలుగు కానీలు. అంటే తొంభై రూపాయలు ఉండాల.

కానీలు లెక్క పెట్టబోతే గొడవ మొదలాయ. ఒకరు యాభై రెండంటే ఇంకొకరు యాభై మూడంటారు. పెట్టింది మళ్ల పెట్టడం, కలిసిపోవడం. నాకు కడుపు మండి "ఆగండప్పా! మనం నేతగాళ్లం. కొలిస్తే పోతుంది గదా" అన్న్యాను. గుట్టలోంచి మంచి మంచివి, అంచు అరగనివి, మెరిసేవి ఏరినాను. మద్దమ్మ యాడైనా చెల్లనివి కలిపిందేమోనని నా అనుమానం, అందుకే ఏరినాను. అరవైనాలుగు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, సరిగ్గా ఒక కండె పుల్ల పొడుగు వచ్చింది. "ఇంక ఇదే కొలత. కండె పొడుగు చుట్ట అయితే ఒక రూపాయి" అన్న్యాను. అందరూ భేష్ అన్న్యారు. దినాము చేసే పనే గదా, కండెకు కండె సరిపోవడం మా కండ్లకు బాగా తెలుసు. పాత పంచెలు చించి, ఆ చీలికల్లో కానీలు పేర్చి గట్టిగా చుట్టి, రెండు కొసలూ నూలుతో కట్టినాము. మద్దమ్మ గూడా కూచుని చుట్టింది. నేను ఆయమ్మ చేతుల మీంచి కండ్లు తీయలేదు.

పొద్దు మునిగేసరికి చుట్టలు అయిపోయినాయి. ఎనభై ఒకటి.

రెండుసార్లు ఎంచినాము. ఎనభై ఒకటే. తొమ్మిది రూపాయలు తక్కువ. అందరి కండ్లూ మద్దమ్మ మీదికి పోయినాయి, నోరు మాత్రం నేనే తెరిచినాను.

"ఏమ్మా మద్దక్కా, పోయిన ఏడు పాలమేకను కొన్న్యావు గదా. దినానికి రెండణాలు తెచ్చే మనిషివి, మేకను యాడ తెచ్చినావు?"

"సేర్చుకుని కొన్న్యా" అన్నింది.

"యాడ సేర్చినావు? ఈ కుండలోనా?"

ఆయమ్మ చాప మీద పడిన పంచె చీలికలు ఏరబట్టింది. నేను ఆగినానా? లేదు. మా బిడ్డల నోటికాడి కూడు మేకకు పెట్టిందన్న్యాను. ఒంటి మనిషి అని నమ్మితే ఎనిమిది ఇండ్లు ముంచిందన్న్యాను. ఇంకా శానా అన్న్యాను, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గయితాది. మా ఆయన గోడకు ఆనుకుని తల వంచుకుని కూచున్న్యాడు. నా నోటికి సిగ్గుపడతాన్నాడు అనుకున్న్యా.

మూడోనాడు మద్దమ్మ పెద్దయ్య ఇంటికి పోయి తొమ్మిది రూపాయలు ఇచ్చింది. "ఇవి గూడా కలుపుకోండి. నేను తీసుకోలే. కుండ నా ఇంట్లో ఉండె, తక్కువైతే నేనే పెట్టాల" అన్నిందంట. మేకను కసాయికి అమ్మేసింది. అది విని నేనేమన్న్యానో తెలుసా? "సూడు, దొంగ ఎట్ల బయటపడిందో!" అన్న్యాను.

పెద్దయ్య, మా ఆయన, వాళ్లిద్దరి మీద గూడా ఒక కన్నేసి ఉంచాలని నేను, ముగ్గురం ఆదోనికి బయల్దేరినాము. కానీల చుట్టలు రెండు సంచుల్లో వేసి మీద జొన్నలు పోసినాము. యుద్ధానికి పెట్రోలు దొరక్క, బొగ్గుతో నడిచే బస్సు. దారంతా అది దగ్గతా పోతాండె, నేను సంచి మీదే కూచున్న్యా. పక్కనోడు "ఏమక్కా, జొన్నలు ఇంత బరువా?" అన్న్యాడు. "నీకేమిటికి?" అని కసిరినా.

ఆదోనిలో పత్తి యాపారం చేసే ఇంద్రసేనయ్య అని ఒక సావుకారి. చిల్లర తీసుకుని నోట్లు ఇస్తాడని పెద్దయ్యకు ఎవురో చెప్పినారు. మేము సంచి విప్పితే ఆయన లేచి ముందు తలుపు మూసినాడు. నేను సంచి మూతి గట్టిగా పట్టుకున్న్యా.

"ఇన్ని కానీలు యాడివి? జొన్నగిరి తట్టు లంకెబిందెలేమన్నా తవ్వినారా?" అన్న్యాడు.

"మేము కూచునేది మగ్గం గుంతలో సావుకారీ. వేరే గుంతలు మాకు తెలీవు" అన్న్యాడు పెద్దయ్య.

ఆయన నమ్మినట్ల లేడు. మేము ఆయన్ని నమ్మలేదు, లెక్క సరిపాయ. "చుట్టకు ఒక రూపాయి, ఎనభై ఒక్క చుట్ట" అని చెప్పినా. "చుట్టతో నాకేం పని, విప్పి ఎంచాల" అన్న్యాడు. విప్పినాడు. పదహారు కానీలకు ఒక కుప్ప, నాలుగు కుప్పలైతే రూపాయి. నాలుగు కుప్పలు పెట్టినాడు. చేతిలో ఇంకా ఏడు మిగిలినాయి.

ఇంకో చుట్ట విప్పినాడు. ఎనిమిది మిగిలినాయి. ఇంకొకదాంట్లో ఆరు.

నాకు ఒళ్లంతా అనుమానమే. ఎక్కువుందని చెప్పే సావుకారి యాడైనా ఉంటాడా? ఏదో కిటుకుండాల. పక్కనే కూచుని కుప్ప కుప్పా నేను గూడా ఎంచినా. ఆయన లెక్క తప్పలేదు.

ఇంద్రసేనయ్య ఒక మెరిసే కానినీ ఒక అరిగిన కానినీ పక్కపక్కన పట్టుకుని సూపించినాడు. "ఇది కొత్తది. అంచు లేసి ఉంది, మందంగా ఉంది. ఇది అరిగి రేకయి పోయింది. అరవైనాలుగు కొత్తవి ఎంత పొడుగొస్తాయో, అంత పొడుగులో ఇట్లాంటివి డెబ్భైకి పైగా పడతాయి. ఏమమ్మా, దుడ్లను గూడా చీర కొలిచినట్ల కొలిచినారా మీరు?" అని పడీ పడీ నవ్వినాడు.

నాకు నవ్వు రాలేదు. కొత్తవి ఏరి కొలత పెట్టింది నేను. అందరి నోళ్లు మూయించి కండె పుల్ల తెచ్చింది నేను. కడాకు ఎనభై ఒక్క చుట్టా విప్పి ఎంచితే అయిదు వేల ఏడునూర్ల అరవై. ముళ్లకు సరిగ్గా సరి. ఒక్క కాని తక్కువ లేదు, ఒక్క కాని ఎక్కువ లేదు.

తొంభై రూపాయలు నోట్లు తీసుకున్న్యాము. వెలుగుకు పట్టి ఒక్కొక్కటీ సూసినా. ఆడనే నూలు కొని బస్సు మీదికెక్కించినాము. మద్దమ్మ తొమ్మిది రూపాయలు పెద్దయ్య నా చేతిలో పెట్టి "నువ్వే ఇయ్యి" అన్న్యాడు. ఆ ముసలాయన నన్ను తిట్టింటే బాగుండు.

బస్సులో మా ఆయన మొగం పాలిపోయింది. "ఏమయ్యా, మేక పోయింది నాదా నీదా, అంత దిగులేమిటికి?" అన్న్యా.

"లెక్క సరిపోకూడదే" అన్న్యాడు.

"ఏం?"

"రెండేండ్ల నుంచి నేను కుండలో కాని వేయలే. నువ్విచ్చిన కానితో సంతలో బజ్జీలు తింటాంటి, బీడీలు తాగుతాంటి. నూటనలభై దాకా ఉంటాయి. మద్దక్క అడిగినప్పుడల్లా రేపిస్తా అంటాంటి. ఆయమ్మ సరేలే అంటాండె." కిటికీ తట్టు సూస్తా, "చుట్టలు తక్కువైనప్పుడు నా పాపమే అనుకున్న్యా. నోరు తెరిస్తే నువ్వు నలుగుర్లో నన్ను బతకనియ్యవని గమ్మునుంటి" అన్న్యాడు.

నా ముళ్లు ముళ్లే, నా మొగుని కానీలు మాత్రం లేవు. అయినా లెక్క సరిపాయనంటే వేసిందెవురు? కండెలు చుట్టే చేయి తప్ప ఇంకెవురు వేస్తారు? రెండేండ్లు. అడగలే, అరవలే. అంతా తెలిసీ ఆ పొద్దు నా ముందర నిలబడి దొంగ అనిపించుకుంది.

ఊరు చేరినాక నేరుగా ఆయమ్మ ఇంటికి పోయినా. రాట్నం ముందర కూచునుండె. దుడ్లు ముందర పెట్టి కాళ్లు పట్టుకోబోతే కాళ్లు యెనక్కి తీసుకుంది.

"లెక్క సరిపాయనా?" అని అడిగింది.

"సరిపాయ. ఒక్క కాని తక్కువ లేదు."

"నూలు దొరికిందా?"

"దొరికింది" అన్న్యా, ఏడుపు ఆగలేదు. "మద్దక్కా, మా ఆయన అంతా చెప్పినాడు. ఆ పొద్దు నేను అన్ని మాటలంటాంటే, కాని వేయంది నీ మొగుడే అని ఒక్క మాట ఏమిటికి సెప్పలేదు?"

రాట్నం ఆపి నా మొగం సూసింది. కోపం లేదు ఆ మొగంలో. అలసిపోయినట్ల ఉండె.

"సెప్పింటే నమ్మింటివా, సిద్దీ?"

నమ్మింటి అనబోయినా. నమ్మింటే గదా! తప్పు కప్పుకోడానికి నా మొగుని మీదికి తోస్తాందని ఇంకో నాలుగు మాటలనింటాను. ఆ సంగతి ఆయమ్మకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.