రెండు యాసల ఇల్లు

మా ఆయనది కరీంనగర్, నాది గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చిన కుటుంబం. డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ కలిశాం, పెళ్లయ్యాక ఫ్రిస్కోలో స్థిరపడ్డాం. మొదట్లో ఒకరి యాసను ఒకరం అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఆయన ‘గిప్పుడే అస్త’ అంటే నేనూ అలాగే అనేదాన్ని.

మా తమ్ముడికి అదే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ప్రతి శనివారం వాడి భోజనం మా ఇంట్లోనే. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక ఆ సంగతి ఎత్తకుండా జాగ్రత్తపడేవాళ్లం. కానీ ఒక శనివారం ఊరి నుంచి కబురొచ్చింది. మా ఆయన చిన్ననాటి స్నేహితుడి తమ్ముడు ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడు. అతనికి సైకిల్ నేర్పింది మా ఆయనే.

“పాపమే బావా. కానీ దేనికోసం చచ్చిపోయాడో అతనికైనా తెలుసా? ఎవరో రెచ్చగొట్టి ఉంటారు,” అన్నాడు మా తమ్ముడు.

“తెల్సు తమ్మీ. నౌకరీ లేక నాలుగేండ్లు తిరిగిండు. వానికి మంచిగనే తెల్సు.”

మా ఆయన అన్నం వదిలేసి వెళ్లి కారులో కూర్చున్నారు. ఇవాళ ఆ మాట అనాల్సింది కాదని తమ్ముణ్ణి మందలించాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న హైదరాబాద్‌లోనే ముప్పయ్యేళ్లు పనిచేశారని, మనం పుట్టి పెరిగింది అక్కడేనని, రేపు మనల్ని పొమ్మంటే ఎక్కడికి పోతామని అడిగాడు. ఆ భయం నాకూ ఉంది.

సాయంత్రం మా ఆయన, “నాతోటి వచ్చి కూసుంటవనుకున్న,” అన్నారు. నేను కారు దాకా వెళ్లాను, ఆయనే అద్దం దించలేదు. ఆ మాటే చెప్పాను.

ఆ తర్వాత ఆయన యాసలో మాట్లాడడానికి నాకు నోరు రాలేదు, వెక్కిరింతలా వినిపిస్తుందేమోనని. ఆయనా నా యాసను అనుకరించడం మానేశారు. మెల్లగా ఇంట్లో ఇంగ్లీషు చేరింది. పాలు తెచ్చావా అన్నది కూడా ఇంగ్లీషులోనే.

తెలంగాణ బిల్లు పాసైన రోజు ఆయన స్నేహితులు ఫోన్ మీద ఫోన్ చేశారు. ఆయన పెరట్లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడారు. నా కోసమే సంతోషాన్ని దాచుకుంటున్నారని తెలుసు. నేను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయనకూ తెలిసే ఉంటుంది. ఇద్దరం తలుపు దాటి ఒకరి దగ్గరికి ఒకరం వెళ్లలేదు.

బావతో మాటలు కలవకుండానే తమ్ముడు దూరంగా రెడ్‌మండ్‌కు మారిపోయాడు. వాడికి కూతురు పుడితే నేనొక్కదాన్నే వెళ్లాను. పాపకు గౌను మా ఆయనే ఎంచి కొన్నారు. ఆ మాట చెబితే తమ్ముడు గౌను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బావ బాగున్నారా అని అడిగాడు. ఫోన్ చేసి నువ్వే అడగమన్నాను.

ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు.

“ఏమని మొదలుపెట్టాలక్కా?”

పాపకు గౌను తొడిగాను. కొంచెం వదులైంది.