శుభ్రంగా తుడిచిన కళ్లు

నేను కోతలు కోస్తానని ఆర్మూరులో పేరు. మా పెరట్లో తెల్లకోడి పసుపు రంగు గుడ్డు పెడుతుందంటే కమ్మర్‌పల్లి నుంచి చూడటానికి వచ్చినవాళ్లున్నారు. ఇది మాత్రం కోత కాదు.

పదో తరగతి చదివే నా బిడ్డ, మరో ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఒక రోబో చేశారు. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. తెల్లటి పట్టా మీద నల్లగీతను పట్టుకుని తనంతట తాను నడవాలి. గీతను చూడటానికి పొట్ట కింద రెండు సెన్సర్లు, అవే దాని కళ్లు. నిజామాబాద్ పోటీలో చివరిదాకా నడిస్తేనే హైదరాబాద్ పంపుతారు. బడిలో వాళ్లకిదే ఆఖరి ఏడు.

మొదటిసారి గీత మీద పెట్టగానే అది గిరగిరా తిరిగి పట్టా దిగిపోయింది. ఇంకొక్క ప్రయత్నమే మిగిలింది. ఈలోగా లాప్‌టాప్ ముట్టుకుని లెక్కలు మార్చకూడదని పోటీ నియమం.

బిడ్డ రోబోను తిరగేసి చూసింది.

"బాపు, దీన్ని ఎవరు తుడిచిండ్రు?"

మా అమ్మ. మంచి పనికి పోయే వస్తువు మురికితో గడప దాటొద్దని పొద్దున్నే కొంగు తడిపి, పొట్ట కింద కూడా తళతళలాడించింది. పిల్లలేమో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరిగే మా షెడ్డులోనే సాధన చేశారు. కళ్లకు పట్టిన పసుపు పొడిలోంచి ఎంత కనబడుతుందో చూసి, ఆ లెక్కన తెలుపేదో నలుపేదో నేర్పారు. ఇప్పుడు ఆ పొర పోయేసరికి దానికి నల్లగీత కూడా తెల్లగానే తోస్తోందట.

మిగతా ఇద్దరు పిల్లలూ ఏడుపు ఆపుకుంటున్నారు. నేను అంగి జేబు బయటికి తిప్పాను. ఎన్నిసార్లు ఉతికినా మా జేబుల మూలల్లో పసుపు ఉంటుంది. పసుపు పెట్టకుంటే మా ట్రాక్టరు అలిగి భీమ్‌గల్ దాకా వెనక్కే నడిచిందని చెప్పి రోబో కళ్లకు పసుపు పెట్టనిచ్చేలా జడ్జి మేడంను ఒప్పిద్దామని లేచాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాట్లాడకు బాపు. నీ కోతలు వింటె మమ్ముల తీసేస్తరు."

తనే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. నడుస్తుంటే పొడి రాలిపోదా అని మేడం అడిగింది.

"రాలుతదేమో మేడం. రాలితె ఓడిపోతం."

మేడం పక్కనున్న సార్‌తో గుసగుసలాడి, సరేనంది.

బిడ్డ వేలి కొసతో రెండు కళ్లకూ పలచగా పసుపు రుద్దింది. రోబో వణికి, గీతను అందుకుంది. మలుపులన్నీ దాటి చివరి మలుపులో ఆగింది. తెల్లటి పట్టా మీద సన్నగా పసుపు రాలింది. కుడి చక్రం కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది. అది ముక్కు అటు తిప్పి, ఇటు తిప్పి, ఎట్లాగో గీత కొస దాటింది. పిల్లలు ముగ్గురూ ఉన్నచోటే నేల మీద కూలబడ్డారు.

ఎంపికైనవాళ్లలో అందరికన్నా నెమ్మదిగా నడిచింది మాదే. తిరుగు బస్సులో, మా రోబోకు చీకట్లో కూడా కళ్లు కనబడతాయని పక్కసీటాయనకు చెప్పబోతున్నాను. బిడ్డ అప్పటికే లాప్‌టాప్ తెరిచింది.

"కొలతలన్ని మళ్ల పెట్టుకోవాలె. హైదరాబాద్‌ల గుడ నీ జేబునే నమ్ముకుందుమా బాపు?"