పెన్నీకి చప్పుడు నేర్పిన వేసవి

గరాజ్ సర్దుతుంటే పాత కూలర్ అడుగున వేటకుక్కకి తర్ఫీదిచ్చేటప్పుడు విసిరే, మూరెడు పొడవున్న నారింజరంగు కాన్వాస్ దిండు దొరికింది. దానికి టేపుతో చుట్టిన ఫెజెంట్ పక్షి రెక్కలో ఈకలు సగం రాలిపోయాయి గానీ, ముక్కు దగ్గర పెట్టుకోగానే తడిసిన కుక్క బొచ్చు వాసన, మొక్కజొన్న పొట్టు వాసన కలిసి తగిలి, నాకు పదకొండేళ్లప్పుడు మేమున్న అరోరా ఊళ్లోని వేసవి మొత్తం కళ్లముందుకొచ్చింది.

అప్పట్లో మా వెనక కంచె దాటితే అన్నీ మొక్కజొన్న చేలే. పక్కింట్లో వాల్ట్ అంకుల్ ఉండేవారు. లారీ మెకానిక్‌గా రిటైరై, భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, ఏటా నవంబరులో గడ్డిబీళ్లలో ఫెజెంట్ల వేటకి వెళ్లేవారు. ఫెజెంట్ అంటే మన కోడిపుంజుకి బారెడు తోక అతికించినట్టుండే అడవి పక్షి. ముసలి కుక్క చచ్చిపోతే ఆ ఏడు పెన్నీ అనే లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నారు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే నా ఆఖరి వేటకుక్క అని నాన్నతో అనేవారు. కోడిగుడ్డు కూడా గడప దాటనివ్వని మా అమ్మకి ఈ వ్యవహారం మింగుడుపడేది కాదు, అయినా ఆయన చూడనప్పుడు పెన్నీకి పెరుగన్నం పెట్టేది.

ఈల ఒకసారి ఊదితే అది కూర్చోవాలి, దిండు ఎంత దూరం విసిరినా పేరు పిలిచేదాకా కదలకూడదు, తెచ్చినదాన్ని పంటిగాటు పడకుండా చేతిలో పెట్టాలి. అదంతా ఆయన పని. చప్పుడు అలవాటు చేయడం నా పని. పెన్నీ గిన్నెలో మూతి పెట్టగానే నేను చేను అంచున నిలబడి రెండు చెక్కలు టపటపా చరిచేదాన్ని. రోజుకి పదడుగులే దగ్గరికి జరగాలి, అది తల ఎత్తిందంటే మర్నాడు మళ్లీ వెనక్కి పోవాలి. తుపాకీ మోగితే దానికి తిండి గుర్తుకు రావాలి, ఒక్కసారి బెదిరిందా ఇక వేటకి పనికిరాదు అని ఆయన రోజూ చెప్పేవారు. చెక్కల నుంచి బొమ్మ తుపాకీకి, దాన్నుంచి అసలు తుపాకీకి వచ్చేసరికి అక్టోబరైంది. వేట సీజన్ మొదటి రోజున నన్నూ తీసుకెళ్తానని మాటిచ్చారు.

దానికి వారం ముందు దీపావళి వచ్చింది. కూతురింటికి వెళ్తూ ఆయన పెన్నీని నాకు అప్పగించారు. సాయంత్రానికి ఇల్లంతా నేతి వాసన, బొబ్బట్లు, పట్టుచీరల ఆంటీలు. అంకుల్స్ పక్క రాష్ట్రం నుంచి కారు ట్రంక్‌లో దాచి తెచ్చిన టపాకాయలు గరాజ్ పక్కన పేర్చారు. మా రాష్ట్రంలో అవి కాల్చడం చట్టప్రకారం నేరం. పెన్నీని బేస్‌మెంట్‌లోంచి తీయొద్దని నాన్న చెప్పారు. నేను వింటేగా! వచ్చిన పిల్లల ముందు గొప్ప చూపించుకోవాలని పెరట్లోకి తెచ్చి దిండు విసిరాను. పెన్నీ పేరు పిలిచేదాకా బుద్ధిగా ఆగింది, పరుగెత్తింది, దిండు కరుచుకుని నా వైపు వస్తోంది. అప్పుడే ఎవరో వెయ్యివాలా అంటించారు. అది దిండు పారేసి, ఇంటి వెనక చెక్కలతో కట్టిన డెక్ కింద దూరింది. వణుకుతున్న కుక్కని లాగి ఒళ్లోకి తీసుకోవడానికి గంట పట్టింది.

అంకుల్‌కి చెప్పేస్తానని ఏడ్చాను.

"గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఇప్పుడు ఈ క్రాకర్స్ గోల బయటపెట్టడం అవసరమా?" అన్నారు నాన్న.

"అడిగితే చెప్దాంలే తల్లీ," అంది అమ్మ.

ఆయన అడగలేదు. వేట రోజున గడ్డిలోంచి పెద్ద పుంజు లేచింది, ఆయన పేల్చారు, పక్షి కింద పడింది. పెన్నీ మాత్రం వెనక్కి పరుగెత్తి ట్రక్కు కింద దూరింది. ఆయన అరిగిన మోకాళ్ల మీదే కూర్చుని, చెయ్యి లోపలికి చాచి, "నీ తప్పేం లేదే పిల్లా, నేనే తొందరపడ్డాను," అన్నారు. మాట నా నోటిదాకా వచ్చింది. గ్రీన్‌కార్డ్ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆయన దృష్టిలో మంచిపిల్లగా ఉండిపోవాలన్న ఆశే నా నోరు నొక్కేసింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన మళ్లీ వేటకి వెళ్లలేదు. నీకు ఓపికెక్కువ, నువ్వే పెంచుకో అని పెన్నీని, ఆ దిండుతో సహా నాకిచ్చేశారు. నేను చేసిన తప్పుకి నాకు దక్కిన బహుమతి అది. పెన్నీ పెరుగన్నం తిని పదమూడేళ్లు బతికింది. ప్రతి దీపావళికీ బాత్రూంలో ఫ్యాన్ వేసుకుని దాన్ని పట్టుకుని కూర్చునేదాన్ని. నేను కాలేజీలో ఉండగా వాల్ట్ అంకుల్ పోయారు. గ్రీన్‌కార్డూ వచ్చింది, చేలున్న చోట ఇళ్లూ వచ్చాయి. ఈల శబ్దం, గడ్డిబీళ్లు, ఆ పుంజుల కూతలు ఆ వైపున ఇప్పుడేవీ లేవు.

"పెన్నీ హంటింగ్ చేసేదా మమ్మీ?" అంది పెన్నీని ఫొటోల్లోనే చూసిన నా కూతురు, దిండు అందుకుని. ఇన్నేళ్లలో ఎవరైనా అడగడం ఇదే మొదలు. కూలర్ మీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను. పాప ఊడిపోయిన ఈకలు ఏరుతూ వింది.

"మరి వాల్ట్‌కి తెలుసా?"

"తెలీదు," అన్నాను.